కట్టెల కంపెనీకి రెండు గేట్లు

మా వీధి చివర ఇప్పుడు కంపెనీ లేదు, బస్టాపు ఉంది. కండక్టర్లు ఇంకా "టింబర్ కంపెనీ, టింబర్ కంపెనీ" అని అరుస్తారు. జనం దిగుతారు, ఎవరి దారిన వాళ్లు పోతారు, ఒక్కరూ కట్టె కొనరు. పెళ్లయిన కొత్తలో మావారు ఆ అరుపు విని, "ఇదేం కంపెనీ? ప్రాడక్టా, సర్వీసెసా?" అని అడిగారు. ఆయనది కృష్ణా జిల్లా, ఉద్యోగం వైట్‌ఫీల్డులో. బెంగళూరులో కంపెనీ అంటే మెడలో కార్డు తగిలించుకుని వెళ్లేదొక్కటేనని ఆయన నమ్మకం. "రెండూ" అన్నాను. తర్వాత ఆలోచిస్తే సరిగ్గానే చెప్పాననిపించింది.

ఆ కంపెనీ వాకిళ్లకు మాను కోసి ఇచ్చేది, చితికి కట్టె కూడా ఇచ్చేది. కొత్త ఇంట్లో అడుగు పెట్టడానికి కావలసిందీ, ఉన్న ఇల్లు విడిచి పోవడానికి కావలసిందీ ఒకే ప్రహరీ లోపల దొరికేవి. యజమానులు తెలివైన వ్యాపారస్థులు. ఈ రెండు రకాల జనం ఒకరికొకరు ఎదురుపడితే బాగుండదని రెండు గేట్లు పెట్టారు.

ముందు గేటు పెద్ద రోడ్డు మీద ఉండేది. దానికి ఎప్పుడూ మామిడాకులు వేలాడేవి, ఎండినవైనా సరే. ద్వారబంధానికి మాను కొనేవాళ్లు ఆ గేటులోంచే రావాలి, వెంట ఇంటి ఇల్లాలిని తీసుకురావాలి. మగవాళ్లు మానును తట్టి, వాసన చూసి, పగుళ్ల మీద పెద్ద ఉపన్యాసాలు చేసి, చివరికి ఆమె చూపించినదే తీసుకునేవాళ్లు. ఆమె ఆ మానుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పక్కకు జరిగితే తప్ప రంపం తిరిగేది కాదు. రంపం దగ్గర పనిచేసేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉండేవాళ్లు. ఈ ఒక్క విషయంలో అందరూ ఒకటే పట్టు. బొట్టు లేని మాను మీద రంపం వేయమని యజమాని చెప్పినా వినేవాళ్లు కాదు.

వెనక గేటు మా వీధిలోకి తెరుచుకునేది. చితికట్టె అక్కడ. అక్కడ ఎవరూ బేరమాడరు, మానును తట్టి చూడరు, ముఖ్యంగా వెళ్లేటప్పుడు "పోయొస్తాం" అనరు. మళ్లీ ఎందుకు రావాలి? బండికి కట్టె ఎత్తించుకుని మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు. మిగతా పూటల్లో అదే గేటు దగ్గర పొట్టు పోసేవాళ్లు. రంపపు పొట్టు. మా వీధి ఆడవాళ్లందరూ తెల్లవారగానే గోనెసంచులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు.

మా వీధిలో అందరిళ్లలోనూ పొట్టు పొయ్యిలే. ఒక రేకు డబ్బాకు కింద చిల్లు పెట్టి, మధ్యలో అప్పడాల కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టును గట్టిగా కూరి, కర్రను మెల్లగా పైకి లాగేయాలి. ఆ లాగడంలో ఉంది విద్యంతా. ఆత్రపడితే పొట్టు కూలిపోతుంది, ఆ పూట ఇంటిల్లిపాదికీ తిట్లు. పొట్టు మా కాఫీలో ఉండేది, పక్కల్లో ఉండేది, పెళ్లిచూపులకు కట్టుకున్న చీర కుచ్చిళ్లలో ఉండేది. మా వీధి పిల్ల అని బళ్లో టీచర్లు తల చూసి గుర్తుపట్టేవాళ్లు.

ఇక రంపం మోత. ఆ మోత మీదుగా మాట్లాడీ మాట్లాడీ మా వీధి గొంతులన్నీ పెద్దవైపోయాయి. కరెంటు పోయినప్పుడు రంపం ఆగేది, గొంతులు మాత్రం ఆగేవి కావు. ఎవరింట్లో కోడలు ఏమంది, ఎవరి మొగుడు ఏం తాగాడు, అన్నీ వీధి మొత్తానికీ వినిపించేవి. మళ్లీ కరెంటు రాగానే అందరూ ఏమీ విననట్టు పొట్టు సంచులు పట్టుకుని తిరిగేవాళ్లు. ఇంత మర్యాద నేను తర్వాత ఏ అపార్టుమెంటులోనూ చూడలేదు.

తర్వాత జనం సిమెంటు చట్రాలకూ అల్యూమినియం కిటికీలకూ మళ్లారు. వంటకు గ్యాసు వచ్చింది, శ్మశానానికి కరెంటు వచ్చింది. కంపెనీకి రెండు గేట్లలోనూ జనం తగ్గారు. యజమానుల పిల్లలు స్థలం పంచుకోలేక కోర్టుకెళ్లారు. ఆ కేసు తేలేలోపు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడి పెద్దవాళ్లయ్యారు, పెద్దవాళ్లు వాకింగ్ చేసి ముసలివాళ్లయ్యారు. చివరికి ఒక బిల్డరు వచ్చి అందరికీ న్యాయం చేశాడు, అంటే స్థలం తను తీసుకున్నాడు.

స్థలం పోయాక మా వీధివాళ్లకు జ్ఞాపకాలు మొదలయ్యాయి. ఉన్నంతకాలం ఆ మోతను తిట్టినవాళ్లే వాట్సాప్ గ్రూపు పెట్టి "ఆ రోజులే వేరు" అని రాసుకుంటున్నారు. ఆ గ్రూపులో ఒక ఏనుగు ఉంది. కంపెనీలో దుంగలు మోయడానికి ఏనుగు ఉండేదని మొదట ఒకాయన రాశాడు. నాకు గుర్తున్నంతవరకూ అక్కడ దుంగలు మోసింది మనుషులే, వాళ్ల భుజాల మీద కాయలుండేవి. అదే రాశాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఏనుగుకు దంతాలు వచ్చాయి, ఒక ముద్దుపేరు వచ్చింది, అది చనిపోయినప్పుడు వీధంతా ఏడ్చిందని కూడా తేలింది. బిల్డరు కొత్త కట్టడం హాల్లో గోడంత ఏనుగు బొమ్మ వేయించాడు. దాని కింద అద్దాల పెట్టెలో దీపాలు పెట్టి ఒక పాత దుంగ ఉంచాడు. ఆ దుంగ ఎక్కడి నుంచి తెచ్చాడో మరి, దాని మీద కూర్చోవద్దని బోర్డు మాత్రం మూడు భాషల్లో ఉంది.

ఇంత వెటకారం చేస్తున్న నేను ఆ కట్టడంలోనే ఏడో అంతస్తులో ఇల్లు కొన్నాను. నా చిన్నప్పటి పొట్టు వాసన తలుచుకుని, వైట్‌ఫీల్డు వదిలేద్దామని మావారి ప్రాణం తీసి కొనిపించాను. తాళాలు తీసుకున్న రోజున తలుపు తట్టి చూశాను, మా వీధిలో పుట్టిన చెయ్యి ఊరుకోదు కదా. డొల్ల శబ్దం వచ్చింది. అది మాను కాదు, పొట్టును జిగురుతో అదిమి, పైన టేకు చారల బొమ్మ అతికించిన పలక. చిన్నప్పుడు ఊరికే సంచుల్లో తెచ్చుకుని పొయ్యిలో పోసిన పొట్టు ఇప్పుడు నా ఇంటి తలుపై కూర్చుంది. మావారు దాన్ని ఇంజనీర్డ్ వుడ్ అంటారని గౌరవంగా చెప్పారు.

సరే, గృహప్రవేశం. నాకు ఆ రోజు ఎవరు వచ్చినా రాకపోయినా ఒకే ఒక్క మనిషి రావాలి. ఆమె మా మేనత్త, నాన్నకు అక్క. చిన్నవయసులోనే భర్త పోయి, బళేపేటలో తలుపుల బందులూ గడియలూ అమ్ముకునే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి మా అమ్మ పోయింది. ఆ తర్వాత నాకు జడ వేసిందీ, వీపు మీద చరిచిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ అత్తే. నాన్న పోయాక కూడా ఎవరి ఇంట్లోనూ ఉండనని, మా వీధిలోనే గది అద్దెకు తీసుకుని, సాంబారు పొడి, చట్నీ పొడి చేసి అంగళ్లకు వేస్తోంది. వీధిలో ఆమె నోటికి భయపడనివాళ్లు లేరు.

ఆమెకు ఏ మూఢనమ్మకమూ లేదని నా నమ్మకం. గ్రహణం పట్టినప్పుడు అందరూ తలుపులు వేసుకుంటే మా అత్త అరుగు మీద కూర్చుని ఇడ్లీ తినేది. పిల్లి ఎదురొస్తే పిల్లికే వెనక్కి పొమ్మని చెప్పేది. అలాంటి మనిషిని పళ్లూ కార్డూ తీసుకుని పిలవడానికి వెళ్తే, మిరపకాయలకు తొడిమలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"నేను వచ్చేది లేదు పాపా. మీరు చేసుకోండి."

"యాల అత్తా?"

"మీ పెద్ద వాకిలి యాడుండాది? కంపెనీ ఎనక గేటుకాడ ఉండాది. మీ మామకు కట్టె ఆణ్ణించే వచ్చె. మీ అమ్మకూ ఆణ్ణించే వచ్చె. ఆ గేట్లో దూరి శుభకార్యానికి యాడొచ్చేది? నాకు బేజారు."

ఆమె చెప్పింది నిజమే. పెద్ద రోడ్డు మీద ఫ్లైఓవర్ కట్టినప్పుడు దాని స్తంభం ఒకటి సరిగ్గా పాత ముందు గేటుకు ఎదురుగా దిగింది. మా వీధిని మాత్రం వెడల్పు చేశారు. అందుకని బిల్డరు పెద్ద ద్వారం మా వీధి వైపు పెట్టి, అక్కడ నీటి ఫౌంటెన్ కట్టాడు. చితికట్టె బండ్లు ఎత్తిన చోట ఇప్పుడు జనం సెల్ఫీలు దిగుతున్నారు. మామిడాకులు కట్టిన ముందు గేటు స్తంభం వెనక చీకట్లో పడి, సర్వీసు గేటయింది. చెత్తబండీ, నీళ్ల ట్యాంకరూ, డెలివరీ కుర్రాళ్లూ, పనిమనుషులూ దాంట్లోంచి రావాలి.

గ్రహణంలో ఇడ్లీ తిన్న మనిషికి గేటు పట్టింపేమిటని నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది. అనుమానించలేదు. ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయనకు సమస్య వింటే ముఖం వెలుగుతుంది, పరిష్కారం ఉన్న సమస్య అయితే మరీ.

"సింపుల్. అత్తయ్యగారిని సర్వీస్ గేట్ నుంచి తీసుకొస్తే ఇష్యూ క్లోజ్. పాత ఫ్రంట్ గేట్ అదే కదా? టెక్నికల్‌గా అదే మంచి గేట్."

అసోసియేషన్ కార్యదర్శి దగ్గరికి వెళ్లాం. ఆయన మర్యాదగా విన్నాడు. అతిథులు సర్వీసు గేటులోంచి రావడానికి వీల్లేదన్నాడు, అది అతిథులకు అవమానమట. మా అతిథికి ఆ అవమానమే కావాలని చెప్పాను. ఆయన బాధపడ్డాడు కానీ ఒప్పుకోలేదు. "నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్, యాప్ ఒప్పుకోదు" అన్నాడు.

ఇప్పుడు మా దగ్గర ఎవరు లోపలికి రావాలన్నా ఫోన్లో గేటు యాప్ ఒప్పుకోవాలి. అందులో మనుషులు కొన్ని జాతులు. కుటుంబం, అతిథి, డెలివరీ, పనివాళ్లు. అతిథికి పెద్ద గేటే తెరుచుకుంటుంది. అదే రోజున గోపూజకు ఆవు కావాలని అడిగితే మాత్రం కార్యదర్శి ఇబ్బంది పడలేదు. పెంపుడు జంతువుల కమిటీ వెంటనే అనుమతి ఇచ్చింది. టీకాల కాగితం ఉండాలి, కింద రబ్బరు చాప వేయాలి, ఫౌంటెన్ దాటి పోకూడదు. ఆవు అతిథి, పెద్ద గేటులోంచే రావచ్చు. నన్ను పెంచిన మనిషిని ఎలా రప్పించాలో తెలియక మేము కమిటీల చుట్టూ తిరుగుతున్నాం.

చివరికి మావారు ఒక సాయంత్రం ఫోను పట్టుకుని నవ్వుతూ వచ్చారు. "అయిపోయింది. అత్తయ్యగారిని కుక్ కింద రిజిస్టర్ చేశాను. ఫోటో కూడా అప్‌లోడ్ అయింది. సర్వీస్ గేట్, ఫుల్ యాక్సెస్."

మా అత్త వంటమనిషా! కానీ ఒక్క పూటకే కదా, ఆమెకు తెలియదు కదా అని సరిపెట్టుకున్నాను. పరుగెత్తుకుని ఆమె గదికి పోయి, "అత్తా, ముందు గేటు తెరిపించినాం, ఇంగ నీకు సాకు లేదు" అన్నాను. "ఇంత గలాటా యాలనే?" అని మాత్రం అంది అత్త. రాననలేదు. గెలిచాననుకున్నాను.

గృహప్రవేశం పొద్దున్నే. పురోహితుడికి ఆ రోజు ఇంకో రెండు ఇళ్లున్నాయి, వచ్చీరాగానే గడియారం చూశాడు. ఆవు పెద్ద గేటులోంచి దర్జాగా వచ్చి, చాప మీద నిలబడి, ఫౌంటెన్ నీళ్లు తాగింది. చుట్టాలు ఏనుగు బొమ్మ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. మావారికి అప్పగించి, నేను పట్టుచీర ఎత్తి పట్టుకుని సర్వీసు గేటుకు పరుగెత్తాను.

అత్త వచ్చింది. ఉతికిన నేత చీర కట్టుకుంది, చేతిలో సంచి. కానీ గేటు దగ్గర లేదు. రోడ్డుకు అవతలి పక్క, ఫ్లైఓవర్ స్తంభం పక్కన నిలబడి ఉంది. రమ్మని చెయ్యి ఊపాను. కదల్లేదు. ఆమె అలా నిలబడిన తీరు చూశాక ఊపుతున్న చెయ్యి దించేశాను, ఎందుకంటే ఆమెను అక్కడ అలా చూడడం నాకు అది మొదటిసారి కాదు.

అమ్మ పోయిన కొన్నాళ్లకు మా ఇంటి ద్వారబంధానికి చెదలు పట్టాయని నాన్న మార్పించాడు. మానుకు బొట్టు పెట్టడానికి ఇంట్లో ఇల్లాలు లేదు. నాకు లంగా కట్టి, చేతికి పసుపు కుంకుమల గిన్నె ఇచ్చి పంపించారు. అత్త నా వెంట ఇదే రోడ్డు దాకా వచ్చి, అవతలి పక్క ఆగిపోయింది. అక్కడి నుంచే చేత్తో సైగలు చేసింది, పసుపు పైన రాయి, పక్కన రాయి, ఇంక చాలు, జరుగు. నేను ఆమెను చూస్తూ రాశాను. లోపలికి ఎందుకు రాలేదని అప్పుడు అడగలేదు. రంపం తిరగడం దగ్గర్నుంచి చూశానన్న సంబరంలో ఉన్నాను.

నేను ఇన్ని కమిటీలతో పోట్లాడి తెరిపించిన గేటు, ఆమె జీవితంలో ఒక్కసారి కూడా దాటని గేటు. ముత్తైదువుల గేటు.

రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్లాను. "అత్తా, మరి ఎనక గేటంటే బేజారంటివే."

"ఆ గేటుకు నేను భయపడేదా? దినమూ పొట్టుకు పోతావుంటిని గదా ఆడికి. గేటు సాకు చెప్తే, గేటును మీరు జరపలేరు, గమ్మునుంటారు, నన్ను పిలిచేది విడిచిపెడతారు అనుకుంటి." గొంతు తగ్గించింది. మా వీధి మనిషి గొంతు తగ్గించడం నేను అరుదుగా చూశాను. "నువ్వు కొత్తింట్లో కాలు పెట్టే దినం పాపా. నేను ముందర నిలబడేది బాగుండదు. మీ అమ్మ ఉండాల్సిన చోటది."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "గ్రహణానికి లేని భయం దీనికి యాల? నన్ను సాకింది నువ్వు. నీ మొగం చూసి నేను దినమూ నిద్ర లేస్తి. నాకేమి చెడిపోయె?"

"అది నా పని. అప్పుడు పని చేసినా. ఇది శుభం. శుభానికి నేను రాను." ఆమె నోటితో వాదించి గెలిచినవాళ్లు మా వీధిలోనే లేరు, నేనెంత. పైనుంచి మావారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, పురోహితుడు రాహుకాలం గురించి గోల పెడుతున్నాడట.

ఇంతలో సర్వీసు గేటు కాపలా కుర్రాడు తన ఫోన్ చూసుకుని, అత్త ముఖం చూసి, అక్కడి నుంచే కేకేశాడు. "ఏడో అంతస్తు కుక్ మీరే కదా? రండి, లేటవుతోంది."

అత్త నావైపు తిరిగింది. "ఏమంటాండాడు వాడు?"

ఇక దాచి లాభం లేదు. అల్లుడు ఫోన్లో ఆమెను వంటమనిషిగా రాశాడని చెప్పేశాను. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. అప్పుడు నాకు ఎక్కడి నుంచి తోచిందో తోచింది.

"అత్తా, సున్నాలేసినోళ్లు, పైపులేసినోళ్లు, తలుపులు బిగించినోళ్లు అందరూ నాకంటే ముందరే ఆ ఇంట్లో కాలు పెట్టిరి. వాళ్లకు ముహూర్తం చూసినామా?"

"పనికొచ్చినోళ్లకు ముహూర్తం యాల?"

"మరి నువ్వూ పనికే కదా వస్తాండావు. వంటకు."

ఆమె గేటు వైపు చూసింది, కుర్రాడి వైపు చూసింది. కొంగు నడుముకు దోపుకుంది. "వంటకయితే వస్తా" అని రోడ్డు దాటి, చెత్తబండి పక్కనుంచి, ఆ గేటులోంచి లోపలికి నడిచింది. నేను పట్టుచీరలో ఆమె వెనక నడిచాను.

పైకి వెళ్లగానే అత్త ఎవరివైపూ చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయి, ఒక మూల కత్తిపీట వేసుకుని చిక్కుడుకాయలు ముందేసుకుంది. మేము కలశం పట్టుకుని కుడికాలు పెట్టి ప్రవేశించాం, ఆమె అప్పటికే లోపల ఉందన్న సంగతి పురోహితుడికి అవసరం లేదు. పాలు పొంగించే వేళకు చుట్టాలందరూ వంటింట్లోకి తోసుకొచ్చారు. కొత్త పొయ్యి, కొత్త గిన్నె, పాలు పోశాను. లైటరు కనిపించలేదు. మావారు సొరుగులన్నీ లాగుతున్నారు, ఎవరో పూజగదికి పరుగెత్తారు, పురోహితుడు మళ్లీ గడియారం చూస్తున్నాడు.

అత్తకు ఇలాంటి ఆలస్యం గిట్టదు. లేచి, నడుము దగ్గరి అగ్గిపెట్టె తీసి, "జరగండి" అని పుల్ల గీసి పొయ్యి వెలిగించింది. రోజూ వెలిగించే మనిషి, చెయ్యి దానంతటదే కదిలింది. మంట వచ్చాక గానీ తను వెలిగించింది ఏ పొయ్యో ఆమెకు తట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. నా వైపు భయంగా చూసింది. మా అత్త ముఖంలో భయం చూడడం నాకు అదే మొదలు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను, వదల్లేదు. ఇద్దరం అలా నిలబడి ఉండగా పాలు కాగాయి, అంచు దాకా వచ్చాయి, తూర్పుకు పొంగాయి. పురోహితుడు శుభమన్నాడు. ఎవరి చేత్తో వెలిగిందని ఎవరూ అడగలేదు. వంటమనిషి పొయ్యి వెలిగిస్తే అడిగేదేముంది?

నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. దానికి సరిపడా సిగ్గుగానూ ఉంది. నన్ను పెంచిన మనిషిని నా ఇంట్లోకి తీసుకురాగలిగాను, మేనత్తగా మాత్రం తీసుకురాలేకపోయాను. ఆ మధ్యాహ్నం ఆమె అందరికీ వడ్డించి, వంటింట్లోనే కూర్చుని తిని, సర్వీసు గేటులోంచే వెళ్లింది. ఏనుగు బొమ్మ చూసి వెళ్లమని నేను బతిమాలితే, "ఏనుగా? యాడుండె ఏనుగు? ఎప్పుడో ఒకసారి గుడి ఏనుగొకటి వచ్చి అరటిపండ్లు తినిపోయె, అంతే" అంది. ఆ మాట నేను ఇంకా గ్రూపులో పెట్టలేదు.

తర్వాతి వారం గేటు యాప్ నుంచి నా ఫోనుకు ప్రశ్న వచ్చింది. మీ వంటమనిషి పనితీరు ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని. నాకు ఒళ్లు మండింది. ఫోను పట్టుకుని అత్త గదికి వెళ్లాను. ఆమె ధనియాలు వేయిస్తోంది.

"అత్తా, నీ పేరు మారుస్తాండా. వంటమనిషి అని తీసేసి కుటుంబం అని పెడతా. ఇంగ పెద్ద గేట్లోంచే దర్జాగా రావచ్చు. ఒకసారి ఈ ఫోను తట్టు చూడు, ఫోటో తీస్తా."

అత్త గరిట ఆపలేదు. ధనియాలు మాడకుండా తిప్పుతూనే, అటు తిరిగే చెప్పింది.

"వద్దు, అట్లనే ఉండనీ. మీ కుటుంబమని పెడితే నన్ను పండగకు పిలుస్తావు, పేరంటానికి పిలుస్తావు. నువ్వు పిలిచినప్పుడంతా నేను రానని అనాల, నువ్వు ఏడవాల. వంటదాన్నయితే ఎవురూ పిలిచే పని లేదు. దినమూ రావచ్చు."